ఊరుమ్మడి ఆస్తి: ఎక్కడ మొదలెట్టాలి, చేజారకుండా ఎలా రాసుకోవాలి

ఉమ్మడి ఆస్తి అనే మాట ఎత్తితే చాలు, మన సిక్కోలు, ఇజీనారం (శ్రీకాకుళం, విజయనగరం) ఊళ్ళల్లో రెండు మాటలు వస్తాయి, ఒకటి "ఏటి బావూ, మా భూమి లాగేసుకుంటారేటి" అని, రెండోది "అవన్నీ కొండల్లో ఎప్పుడో అయిపోయిన కతలు, ఇప్పుడెందుకు" అని. నేను చెప్పేది రెండూ కాదు. మీ ఇల్లు, మీ గేదె, మీ బండి, మీ సెల్లు ఎవడికీ అక్కర్లేదు, అవి మీవే. ఒకడి చేతిలో ఉంటే పది ఇళ్ళు వాడి గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది చూడండి, అలాంటి వాటి గురించి మాట్లాడుతున్నాను: తాగే నీళ్ళు, చెరువు, కళ్ళం, విత్తనం, ఆషాఢంలో తిండిగింజ, నూర్పిడి మిషను, గొడౌను. వీటిని ఉమ్మడి చేతిలోకి ఎలా తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక మళ్ళీ పోకుండా ఎలా పట్టుకోవాలి, అంతే.

ముందు ఒక ప్రశ్న నేర్చుకోండి, దీనితోనే సగం పని అవుతుంది. ఎవరైనా ఏదైనా చూపించి "ఇది అందరిదీ" అంటే, దీన్ని అమ్మే హక్కు ఎవడికుంది అని అడగండి. ఒక్క సంతకంతో అమ్మగలిగేవాడు ఎవడైనా ఉంటే అది వాడిదే, మిగతావాళ్ళు వాడుకోవడం వాడి దయ. ప్రభుత్వం పేరున ఉన్నా ఇదే లెక్క, మనం ఇక్కడే ఎక్కువ మోసపోతాం. సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేల, చూడండి, చుట్టుపక్కల ఊళ్ళు తరతరాలుగా అందులో చేపలు పట్టుకున్నాయి, పశువుల్ని మేపుకున్నాయి, ఆ నీళ్ళతో పంట పండించుకున్నాయి, కానీ కాగితం మీద అది ఊళ్ళది కాదు, అందుకే థర్మల్ ప్లాంటుకి కేటాయించడానికి పైనుంచి ఒక ఉత్తర్వు సరిపోయింది. 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు పోయారు, పర్యావరణ అనుమతి రద్దయిందీ ఆ రోజే. అంతకుముందు 1940లో మందస జమీందారీలో అడవి కట్టె మీద హక్కు కోసం రైతులు లేచినప్పుడు వీరగున్నమ్మ తూటాకి బలయింది. అప్పుడు జమీందారు, తర్వాత సర్కారు, పేరు మారింది గానీ వాడుకునేవాడికి కాగితం లేదన్నది మారలేదు. కాబట్టి ఈ రాతంతా కాగితం చుట్టూనే తిరుగుతుంది, బోరు కొట్టినా ఓపిక పట్టండి.

ఏ అవసరంతో మొదలెట్టాలి

మీటింగు పెట్టి సోషలిజం మీద ఉపన్యాసం ఇస్తే అందరూ తలూపుతారు, టీ తాగి వెళ్ళిపోతారు. దానికన్నా నలుగురు నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ తిరగండి, ఆ నలుగుర్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, ఎందుకంటే అప్పు సంగతి మగాడు దాస్తాడు. అడగాల్సింది ఒకటే, ఏడాదిలో ఏ నెలలో, దేనికి, ఎవరికి డబ్బు కడుతున్నారు అని. టార్పాలిన్ అద్దె, మిషను అద్దె, నీళ్ళ క్యాన్లు, విత్తనం, ఎరువు అరువు, ఎండాకాలంలో పశువులకి గడ్డి, అన్నీ రాయండి. ఊరంతా తిరిగేసరికి ఊళ్ళోంచి డబ్బు ఏ రెండు మూడు దార్లలో బయటికి పోతోందో మీకే కనపడుతుంది.

అందులోంచి ఒక్కటి తీసుకోండి. ఎక్కువ ఇళ్ళకి కావాల్సింది, ఇప్పుడు ఒకడో ఇద్దరో దాని మీద బతుకుతున్నది, ఒక పంట డబ్బుతో మొదలెట్టగలిగేది, ఈ మూడూ కుదిరినదే తీసుకోండి. ఉద్దానం వైపు కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్ళల్లో కిడ్నీ జబ్బుల భయంతో నీళ్ళే ముందు వస్తాయి, వరి పల్లాల్లో కళ్ళాలు, టార్పాలిన్లు వస్తాయి, కొండ ఊళ్ళల్లో తిండిగింజ వస్తుంది. అందరికీ ఒకే ప్లాను పనికిరాదు.

జీడిపిక్కల ఫ్యాక్టరీ పెడదాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, పలాస పక్కనే ఉంది కాబట్టి. మొదటి పనిగా మాత్రం వద్దు. పిక్కలు సీజన్లో ఆ రెండు మూడు నెల్లలోనే కొనేసి పెట్టుకోవాలి, ఏడాది పొడుగునా ఒలిపించాలి, అంటే పెద్ద పెట్టుబడి ఒకేసారి ఇరుక్కుపోతుంది, ధర పడిపోయిందంటే సంఘం ఆ ఏడాదే మునుగుతుంది. నాలుగైదేళ్ళు చిన్న లెక్కలు కలిసి చూసుకున్న సంఘం అయితే అప్పుడు ఆలోచించొచ్చు.

ఊళ్ళో ఉన్న ఉమ్మడిని ముందు వెతకండి

కొత్తగా ఏదైనా కొనే ముందు ఇప్పటికే ఉమ్మడిగా ఉండి మనం మర్చిపోయినవి చూడండి. కళ్ళాల పోరంబోకు, మేత బీడు, చెరువు గర్భం, గెడ్డ (వాగు) గట్టు, పాత సత్రం, శ్మశానం పక్క జాగా. మనవి దాదాపు అన్నీ జమీందారీ ఊళ్ళు, విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి ఎస్టేట్ల కిందవి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్మెంటు చేసి రాసిన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ ఉంటుంది, ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. ఇప్పటి ఆన్‌లైన్ అడంగల్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఎస్‌ఎఫ్‌ఏ నకలు, ఊరి మ్యాపు, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, అంటే కొలతల పటం, మూడూ తీయండి. తహసీల్దారు ఆఫీసులో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పాతదానికీ ఇప్పటిదానికీ విస్తీర్ణంలో తేడా వస్తే అక్కడ ఆక్రమణ ఉండొచ్చు.

ఇక్కడ తొందర వద్దు. ఆక్రమించింది ఊరి పెద్దే అనుకుంటాం, సగం సార్లు మన మావయ్యో, చిన్నప్ప మొగుడో అయుంటాడు, లేకపోతే ఇంకో సెంటు లేని పేదోడు గుడిసె వేసుకుని ఉంటాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి. గుడిసె వేసుకున్నవాడికి వేరే జాగా చూపించే మాట ముందు తేల్చండి, ట్రాక్టరుతో దున్ని కలిపేసుకున్నవాడి సంగతి తర్వాత. చట్టం మన వైపే ఉంది, 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి పంచాయతీకి అప్పగించే స్కీములు తయారుచేయమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది, ఆ తీర్పు కాపీ దరఖాస్తుకి జత చేస్తే ఆఫీసులో మాట తీరు కొంచెం మారుతుంది. ముందు సర్వే చేయించి రాళ్ళు పాతించండి, గ్రామసభలో తీర్మానం రాయించండి, రిజిస్టర్లో సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు పడాలి. "ఊరి బీడు కాపాడుకోవాలని తీర్మానించడమైనది" అని ఒక్క లైను రాస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

ఇంకో ఉమ్మడి కూడా ఉంది, దాన్ని ఆస్తి అని ఎవరూ అనుకోరు. చెరువులో చేపల పాట డబ్బు, చింతచెట్ల పాట డబ్బు, అమ్మవారి పండక్కి ఇంటింటి చందా. ఏ పార్టీ వాడైనా, ఏ వీధి వాడైనా అమ్మవారికి చందా ఎగ్గొట్టడు, ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతారు, ఖర్చు తేడా వస్తే పండగ మర్నాడే గొడవ. అంటే ఉమ్మడి ఖజానా నడపడం మనకి కొత్తేం కాదు, ఆ డబ్బు మూడు రోజుల సంబరానికే కాకుండా అందులో కొంత గొడౌనుకి వెళ్ళాలని అడగడమే కొత్త. అడిగితే ఒప్పుకుంటారా అంటే మొదటి ఏడు ఒప్పుకోరు, డాన్సు బేబీ డాన్సు ప్రోగ్రాములు తగ్గించమంటే కుర్రాళ్ళు అసలు ఒప్పుకోరు. చేపల పాట డబ్బులోంచి పావు వంతు దగ్గర బేరం మొదలెట్టండి. చెరువు మీద మత్స్యకార సంఘానికి హక్కు ఉన్న చోట మాత్రం వాళ్ళతో కూర్చోకుండా ఏమీ చేయకండి, వాళ్ళ కూడు అది.

ధాన్యం బ్యాంకు

నన్నడిగితే ఎక్కువ ఊళ్ళకి మొదటి పని ఇదే, అందుకని దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. కారణం ఏటంటే దీనికి కరెంటు అక్కర్లేదు, లోను అక్కర్లేదు, సంక్రాంతికి ఎలాగూ ధాన్యం ఇంటికొస్తుంది. రేషన్ బియ్యం వస్తున్నాయి కదా అంటారు. మనిషికి నెలకి 5 కిలోలు, పొలం పని చేసే మనిషికి అవి నెలంతా వస్తాయా మీరే చెప్పండి. అదీ కాక అసలు నష్టం వేరే చోట ఉంది, చిన్న రైతు అప్పు తీర్చడానికి కళ్ళంలోనే తక్కువ ధరకి అమ్మేసి, శ్రావణం వచ్చేసరికి విత్తనానికీ తిండికీ మళ్ళీ అదే షావుకారు దగ్గర నాగుకి, అంటే గింజకి వడ్డీ గింజే కట్టే అప్పుకి, తెచ్చుకుంటాడు, బస్తాకి బస్తాన్నర కట్టే నాగు కూడా ఉండేది మన వైపు. ధాన్యం బ్యాంకు ఆ నాగుకే ఎసరు పెడుతుంది.

ఒక 40 ఇళ్ళు అనుకుందాం. ఇంటికి ఒక బస్తా, 80 కిలోలు, ఒకేసారి ఇవ్వలేనివాళ్ళు రెండు పంటల్లో ఇస్తారు, కూలీ ఇంటివాళ్ళు గింజకి బదులు గొడౌను కట్టే పనిలో కూలి రోజులు ఇస్తారు, కానీ అందరి వాటా సమానమే, ఓటు సమానమే. మొత్తం 3200 కిలోలు. అందులో 10 బస్తాలు ఏం జరిగినా కదపకూడదు, తుపానొచ్చిన ఏడాదికి అవి. మిగతా 30 బస్తాలు ఆషాఢం నుంచి భాద్రపదం దాకా అవసరమున్నవాళ్ళకి ఇస్తారు, సంక్రాంతి తర్వాత 80కి 88 తిరిగి పోయాలి. 30 బస్తాల మీద 240 కిలోలు అదనం వస్తుంది, ఎండుకీ ఎలకలకీ ఒక 100 పోయినా 140 మిగులుతుంది. ఈ మిగులు ఎవరికీ పంచకండి, నిల్వలో కలిపేయండి. 80కి 80 చాలు, వడ్డీ ఎందుకు అని మంచి మనసున్నవాళ్ళు అంటారు, ఎలకలకి ఆ మంచి మనసు ఉండదు కదా, ఏటా నిల్వ తరిగిపోతూనే ఉంటుంది.

గింజ నాణ్యత దగ్గర మొహమాటపడకండి. నిల్వకి తేమ 14 శాతం దాటకూడదు, కొనుగోలు కేంద్రంలో 17 దాకా తీసుకుంటారు కదా అని అదే ఇక్కడ పెడితే బూజు పడుతుంది. తేమ మీటరు రైతు సేవా కేంద్రంలో ఉంటుంది, అడిగితే చూసి చెప్తారు. బస్తాలు నేల మీద పెట్టకుండా చెక్క బల్లల మీద, గోడకి ఒక అడుగు ఎడంగా పెట్టండి, గోడకి ఆనితే చెమ్మ తీస్తుంది. వేపాకు వేయండి గానీ వేపాకు ఒక్కదాన్నే నమ్ముకోకండి, నెలకోసారి ఇద్దరు వెళ్ళి బస్తాల్లోకి చెయ్యి పెట్టి చూడాలి, వేడిగా ఉంటే వెంటనే ఎండబెట్టాలి. నిల్వ మొత్తం ఒకే రేకుల షెడ్డులో పెట్టకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో ఏం మిగిలిందో చూశాం కదా, రెండు చోట్ల పెట్టండి, ఒకటైనా స్లాబు ఇల్లు చూడండి.

విత్తనం వేరే పెట్టుకోండి, తిండిగింజతో కలపకూడదు. మనూళ్ళల్లో బాగా అలవాటున్న రకాలే, రాగోలు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు లాంటివి, వేరే మడిలో కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరేసి పండించి దాచండి. హైబ్రిడ్ దాచి లాభం లేదు, మళ్ళీ వేస్తే తల్లి గుణం రాదు. మెట్ట ఊళ్ళయితే చోడి (రాగి), గంటి (సజ్జ), ఉలవ కూడా పెట్టొచ్చు, చోడి అయితే పురుగు దరిచేరదు, ఏళ్ళ తరబడి ఉంటుంది. తెలంగాణలో జహీరాబాద్ వైపు దళిత ఆడవాళ్ళ సంఘాలు 1990ల్లో చేసింది ఇదే, బీడు పడ్డ చెలకల్ని సాగులోకి తెచ్చి ఊరి జొన్న నిధి పెట్టుకున్నారు. ఎవరు పేదో ఊరే కూర్చుని తేల్చుకున్నారు, ఆఫీసు లిస్టు కోసం ఆగలేదు.

ఏ చట్టం కింద రిజిస్టర్ చేయాలి

మొదటి పంట దాకా రిజిస్టర్ పుస్తకం, ముగ్గురి పేరున బ్యాంకు ఖాతా చాలు. భూమి, కట్టడం, మిషను వచ్చే రోజుకి మాత్రం సంఘం రిజిస్టర్ అయి ఉండాలి, లేకపోతే బిల్లు ఎవరి పేరున ఉంటే మిషను వాళ్ళది, ఆయన పోయాక వాళ్ళ అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి పట్టుకుపోతే ఏ కోర్టూ మీ మాట వినదు.

సహకార సంఘం అనగానే మనోళ్ళకి ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ, భీమసింగి ఫ్యాక్టరీ గుర్తొస్తాయి, రెండూ మూతపడ్డవే, అందుకే ఆ మాటంటే చిరాకు. పాత 1964 చట్టం కింది సంఘాల్లో ప్రభుత్వ వాటా ఉండొచ్చు, బోర్డుని తీసేసి సర్కారు తరఫున పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టొచ్చు, చెరుకు వేసిన రైతు సభ్యుడే గానీ తాళం చెవి ఇంకోడి దగ్గర ఉంటుంది. మనకి కావాల్సింది 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో మాక్స్ చట్టం అంటారు. వేర్వేరు కుటుంబాల నుంచి 10 మంది ఉంటే చాలు, ప్రభుత్వ వాటా ధనం తీసుకోకూడదు, మనిషికి ఒకటే ఓటు, నియమాలు మనమే రాసుకుంటాం, జిల్లా సహకార అధికారి ఆఫీసులో రిజిస్ట్రేషను. బదులుగా ఏటా ఆడిట్ చేయించాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి, కాగితాలు పంపాలి. ఇవి మానేస్తే మాత్రం సంఘం కాగితం మీద కూడా మిగలదు. వ్యాపారం పెద్దదైతే ప్రొడ్యూసర్ కంపెనీ ఉంది, దానికీ 10 మంది రైతులు, కనీసం 5గురు డైరెక్టర్లు కావాలి, కానీ ఫైలింగులు ఎక్కువ, ఊరి గొడౌనుకి అంత అక్కర్లేదు.

డ్వాక్రా గ్రామ సంఘాలు చాలావరకు ఈ మాక్స్ కింద రిజిస్టర్ అయినవే. 2000లో పేదరిక నిర్మూలన కోసం సర్కారు పెట్టిన వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మనవి రెండూ ఉన్నాయి, అంటే పాతికేళ్ళుగా పుస్తకాలు రాయడం తెలిసిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. కొత్త సంఘం పెట్టి మగాళ్ళని ప్రెసిడెంట్లు చేసే బదులు ఆ గ్రామ సంఘంలోనే ధాన్యం బ్యాంకు పెట్టొచ్చేమో ముందు చూడండి. బ్యాంకు లోను లెక్క, గింజ లెక్క మాత్రం వేర్వేరు పుస్తకాల్లో ఉండాలి, ఒకదాని బాకీకి ఇంకోటి తాకట్టు పడకూడదు.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం లాంటి ఏజెన్సీ ఊళ్ళయితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, 1/70, అంటే ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం, ప్రకారం అక్కడ భూమి గిరిజనుడికో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప వేరేవాళ్ళకి బదలాయింపు చెల్లదు. కింద మైదానం నుంచి వెళ్ళిన సంఘం వాళ్ళు మంచి ఉద్దేశంతోనే అయినా అక్కడ తమ పేరున ఒక్క సెంటు తీసుకోకూడదు, సంఘంలో ఒక్క గిరిజనేతరుడున్నా ఆ మినహాయింపు వర్తించదు. అడవి సంగతి అయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇంటికొక పట్టాతో ఆగిపోకుండా ఊరి మొత్తానికి సామూహిక హక్కు పట్టా అడగండి, అది గ్రామసభ పేరున వస్తుంది. మహారాష్ట్రలో గడ్చిరోలి దగ్గర మెండా లేఖా అనే గోండు ఊరు అలా 2009లో పట్టా తెచ్చుకుని తన వెదురు తనే అమ్ముకుంటోంది.

వాటా, బయటికి వెళ్ళడం, వలస వెళ్ళినవాళ్ళు

సంఘాలు విరిగేది ఇక్కడే, కాబట్టి అందరూ మంచిగా ఉన్న రోజునే ఇది రాసేసుకోవాలి. సభ్యుడు 500 వాటా కట్టాడు, పదేళ్ళకి సంఘానికి 10 లక్షల గొడౌను వచ్చింది, ఇప్పుడు బయటికి వెళ్తానంటే ఎంత ఇవ్వాలి? 500 మాత్రమే. గొడౌను విలువలో భాగం ఇవ్వకూడదు. ఒక్కసారి అలా ఇచ్చారంటే ధర పెరిగిన ప్రతిసారీ ఎవడో ఒకడు అమ్మేసి పంచుకుందాం అంటాడు, రోడ్డు పక్క జాగా అయితే ఇంకా తొందరగా అంటాడు. "మరి నాకేటి లాభం" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. లాభం వాడకంలో ఉంది, మిషను తక్కువకి వచ్చింది, నాగు కట్టడం తప్పింది, మిగులు ఉంటే ఎవరు ఎంత వాడుకున్నారో దాన్ని బట్టి బోనస్ ఇచ్చుకోవచ్చు. అమ్మితే వచ్చే లాభం మాత్రం ఎవరికీ లేదు, పెట్టినవాళ్ళకీ లేదు, వాళ్ళ పిల్లలకీ లేదు. బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ఇంకో లైను, సంఘం రద్దయితే అప్పులు, వాటాలు తీర్చాక మిగిలిన ఆస్తి సభ్యులకి పంచకుండా అలాంటి పనే చేసే ఇంకో సంఘానికి వెళ్ళాలి అని. ఈ రెండు లైన్లు ఎలా రాస్తే చెల్లుతాయో రిజిస్ట్రేషనుకి ముందే లాయరుకి చూపించండి, ఆ ఫీజు దగ్గర లోభించకండి.

ఎవరైనా స్థలం ఇస్తామంటే దండేసి చప్పట్లు కొట్టి ఊరుకోకండి, సంఘం పేరున గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయ్యేదాకా దాని మీద ఇటుక పెట్టకండి.

వలస మన జిల్లాల ప్రత్యేక తలనొప్పి. సగం ఇళ్ళల్లో కుర్రాళ్ళు హైదరాబాద్, చెన్నై, విశాఖలో ఉంటారు, పండక్కి వచ్చి బాగానే చందా ఇస్తారు, దాంతో పాటు పెత్తనం కూడా చేస్తారు. నా మాట ఏటంటే, డబ్బు ఎవరైనా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం ఊళ్ళో ఉండి వాడుకునేవాళ్ళది. లేకపోతే వాట్సాప్ గ్రూపులో నలుగురు కలిసి గొడౌనుని కల్యాణమండపం చేసేస్తారు. తిరిగొచ్చినవాడికి మళ్ళీ సభ్యత్వం తెరిచే ఉంచండి.

కట్టుబాట్లు

ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడకి 2009లో అర్థశాస్త్రం నోబెల్ వచ్చింది, ఆవిడ చూపించింది ఇదే, చెరువులు, మేత బీళ్ళు, చేపల రేవులు ప్రభుత్వమో ప్రైవేటో చూసుకుంటేనే నిలుస్తాయన్నది తప్పు, వాడుకునేవాళ్ళే నియమం పెట్టుకుని కాపలా కాసుకున్న చోట్ల వందల ఏళ్ళు నిలిచాయి అని. ఆవిడ రాసిన వాటిల్లో స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు ఉంది, అక్కడ 1517లో రాసుకున్న కట్టుబాటు ప్రకారం చలికాలంలో ఇంటి దగ్గర ఎన్ని ఆవుల్ని మేపగలవో అన్నిటినే వేసవిలో ఊరి కొండ మీదికి తోలాలి. ఎంత తేలిగ్గా చెక్ చేయొచ్చో చూడండి, ఎవడి కొట్టంలో ఎన్ని ఉన్నాయో ఊరందరికీ తెలుసు. మీ నియమాలు కూడా అలాంటివే ఉండాలి, చూడగానే తెలిసిపోవాలి. "అవసరం మేరకే నీళ్ళు వాడాలి" అంటే ఎవడూ కొలవలేడు, "మంగళవారం తూర్పు వైపు తూము, బుధవారం పడమర తూము" అంటే చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు.

జరిమానా మొదటిసారి చిన్నది పెట్టండి, ఊళ్ళో అందరి ముందూ చెప్పడం అయితే ఇంకా మంచిది, రెండోసారి పెంచండి, మూడోసారి ఆ పంటకి వాడుక ఆపండి. మొదటి తప్పుకే వెలి వేస్తే వాడు ఇంకో పార్టీలోకి వెళ్ళి సంఘం మీద కేసు వేస్తాడు. ప్రెసిడెంటు తమ్ముడు తప్పు చేస్తే జరిమానా అదే నెలలో కట్టించాలి, ఊరు కనిపెట్టుకుని ఉండేది దానికోసమే. చెరువు ఆయకట్టు పెద్దదైతే 1997 చట్టం కింద నీటి సంఘం ఉండే ఉంటుంది, దానితో తగువు పెట్టుకోకుండా తూముల వంతులు వాళ్ళ తీర్మానంలోనే రాయించండి.

ఊరుమ్మడి అనే మాట వెనక కులం దాక్కుంటుంది, ఇది సుతిమెత్తగా చెప్పలేను. ఎస్సీ కాలనీ చాలా చోట్ల చెరువుకి దిగువన, కాలవ చివర ఉంటుంది, వాళ్ళ వంతుకి నీళ్ళు రావు, కమిటీలో వాళ్ళ పేరు ఒకటి ఉంటుంది, మీటింగు మాత్రం గుడి అరుగు మీద పెడతారు. అలా నడిచే ఉమ్మడి కన్నా షావుకారే నయం, కనీసం డబ్బిస్తే సరుకిస్తాడు. గొడౌను రెండు వీధులకీ మధ్యలో ఉండాలి, రెండు తాళాలు, ఒక చెవి కాలనీలో సభ్యురాలి దగ్గర. మీటింగు బడిలో పెట్టండి. సభ్యత్వం ఇంటి ఆడమనిషి పేరున రాయండి, ఆయన తాగి వచ్చి వాటా తాకట్టు పెడతానంటే ఆవిడ సంతకం లేకుండా కుదరదు.

భూమి, ఇల్లు, పని

సొంత భూములన్నీ కలిపేసి ఉమ్మడి సాగు చేద్దాం అనే ఆలోచన 1959లోనే నాగపూర్ కాంగ్రెస్‌లో తీర్మానం అయింది, దేశమంతా గొడవైంది, పెద్దగా ఏమీ జరగలేదు. ఇప్పుడు మన దగ్గర దారి వేరేగా ఉంది, వలస పోయినవాళ్ళ పొలాలు బీడు పడి ఉన్నాయి, అవి 10 మంది ఆడవాళ్ళు కలిసి కౌలుకి తీసుకోవచ్చు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు ఇస్తారు, భూమి హక్కు ఎక్కడికీ పోదని ఆ చట్టమే చెప్తుంది, భూమి గలాయనకి ఆ ముక్క చదివి వినిపించండి, సంతకం పెట్టడానికి వాళ్ళకున్న భయం అదే. మొదటి ఏడాది ఒక్క మడి కలిసి చేయండి, మిగతావి ఎవరివి వాళ్ళే, నూర్పు మాత్రం కలిపి.

ఇళ్ళ సంగతి ఇక్కడ రాయను, జాగా ధర, బ్యాంకు లోను కలిసి అది వేరే లెక్క.

పని విషయంలో దూరం వెళ్ళక్కర్లేదు, పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది, వడికేవాళ్ళు ఇళ్ళ దగ్గరే వడికినా పత్తి, అమ్మకం ఒక సంఘం చూసుకుంటే ఎలా ఉంటుందో వెళ్ళి చూడండి, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో కూడా అడగండి. కేరళలో ఊరాలుంగల్ కూలీల సంఘం 1925లో పెట్టుకున్నది, ఇవాళ పెద్ద పెద్ద రోడ్లూ వంతెనలూ కడుతోంది. మన వైపు తాపీ మేస్త్రీలు, రాడ్ బెండింగు వాళ్ళు ఎంతమంది కాంట్రాక్టర్ల కింద ఊళ్ళు తిరుగుతున్నారో లెక్కే లేదు, సెంట్రింగు సామాను ఉమ్మడిగా కొనుక్కున్న 10 మంది మేస్త్రీలు చిన్న పనులు సొంతంగా పట్టుకోవచ్చు. మొదట పట్టుకోవాల్సింది ఊళ్ళో కాలవా, బడి ప్రహరీ లాంటివే, పెద్ద టెండరు జోలికి వెళ్ళొద్దు, బిల్లు ఆలస్యమైతే కూలి ఇవ్వలేక సంఘం చెదిరిపోతుంది.

మొదలెట్టడానికి రోజు

సంక్రాంతి వెళ్ళిన వారం. ధాన్యం ఇంట్లో ఉంటుంది, వలస కుర్రాళ్ళు ఇంకా ఊళ్ళో ఉంటారు, మినుము, పెసర చేలల్లో పని పెద్దగా ఉండదు. ఎన్నికల ఏడాది అయితే మొదలెట్టకండి, రంగు పూసేస్తారు. మొదటి రోజు రాయాల్సినవి: సభ్యురాలి పేరు, ఇంటి పేరు, వీధి, ఇచ్చిన గింజ కిలోల్లో, తేమ ఎంత, ఎవరు తూచారు, సంతకమో వేలిముద్రో. తూకం బహిరంగంగా, కాటా ముందు తెలిసిన బరువు పెట్టి చూపించాక. చెక్కు మీద రెండు సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు, ఒకే వీధివాళ్ళూ కాకూడదు. పుస్తకం రాసే అమ్మాయికి నెలకి ఎంతో కొంత ఇవ్వండి, ఊరికే రాయమంటే మూడో నెలకి పుస్తకం ఆగిపోతుంది. ఆషాఢంలో మొదటి అప్పులు ఇచ్చే రోజున పుస్తకం పెద్దగా చదివి వినిపించాలి, ఎవరికి ఎంత, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు, అన్నీ, చదివేటప్పుడు కరెంటు పోతే మర్నాడు మళ్ళీ మొదటి నుంచి.